జనరేటర్ ఇంటి బయటే ఉండాలి

2014 అక్టోబరు 8న హుద్‌హుద్ తుఫాను అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ దగ్గర దీవులను దాటింది. అదే తుఫాను మరింత బలపడి 12వ తేదీన విశాఖపట్నం దగ్గర తీరాన్ని తాకింది. స్తంభాలు విరిగి, తీగలు తెగి, విశాఖలో చాలా కాలనీలు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బదిలీల మీద తిరిగే మన కుటుంబాలు ఏ తీరానికి వెళ్లినా గాలివాన, కరెంటు కోత ఎదురవుతూనే ఉంటాయి.

మన దీవులకు ప్రధాన భూభాగం నుంచి కరెంటు తీగ లేదు. డిగ్లీపూర్ దగ్గర కల్పాంగ్ జలవిద్యుత్ కేంద్రం, కొన్ని సౌర కేంద్రాలు ఉన్నా, ఎక్కువ కరెంటు డీజిల్ యంత్రాల నుంచే వస్తోంది. అది ఆగినప్పుడు కొందరు ఇళ్లలో చిన్న పెట్రోలు జనరేటర్ నడుపుతారు. దాన్ని నడపడం పెద్దల పని. అయినా అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే ప్రమాదాన్ని మనమే ముందుగా గుర్తించగలం.

కనిపించని విషం

పెట్రోలు మండినప్పుడు పొగలో కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా ఈ వాయువును పట్టుకుంటుంది. అందువల్ల శరీరానికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్లు ఉండడం దీని లక్షణాలు. నిద్రలో ఉన్నవారికి ఆ సూచన కూడా తెలియదు.

వాన పడుతుంటే జనరేటర్‌ను వరండాలోకి తెద్దామనిపిస్తుంది. అదే అసలు ప్రమాదం. కిటికీలు తెరిచినా, ఫ్యాను వేసినా ఈ వాయువు పూర్తిగా పోదు. జనరేటర్ ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, అంటే పెద్దవాళ్ల అడుగుల్లో ఎనిమిది తొమ్మిది అడుగుల అవతల ఉండాలి. పొగగొట్టం మన ఇంటి వైపు గానీ, పొరుగింటి వైపు గానీ తిరిగి ఉండకూడదు. తడవకుండా పైన రేకు ఉండి, నాలుగు వైపులా తెరిచి ఉన్న చోటు కావాలి. అలాంటి చోటు లేకపోతే వాన తగ్గేదాకా ఆగడమే మంచిది.

పెట్రోలు పోసేటప్పుడు

పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. నేలమీదుగా పాకుతూ పోయి, దూరాన ఉన్న దీపాన్నో స్టవ్‌నో తాకి అంటుకోగలదు. ముందు ఇంజను ఆపి, కనీసం పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి. పగటి వెలుతురులోనే పోయాలి. రాత్రి తప్పనిసరైతే టార్చిలైటు వాడాలి, కొవ్వొత్తి వద్దు. వేడికి పెట్రోలు వ్యాకోచిస్తుంది కాబట్టి ట్యాంకు అంచుదాకా నింపకూడదు. ఒలికితే తుడిచి, ఆవిరి పోయాకే ఇంజను నడపాలి. మిగిలిన పెట్రోలును మూత గట్టిగా బిగించిన సరైన డబ్బాలో, ఇంటి బయట, పిల్లలకు అందకుండా ఉంచాలి. మంచినీళ్ల సీసాలో ఎప్పుడూ పోయకూడదు.

ఎంత భారం మోస్తుంది?

1000 వాట్ల జనరేటర్ ఉందనుకుందాం. 75 వాట్ల ఫ్యాన్లు రెండు, 9 వాట్ల బల్బులు నాలుగు, 150 వాట్ల ఫ్రిజ్ ఒకటి కలిపితే 336 వాట్లు. ఫ్రిజ్ మోటారు మొదలయ్యేటప్పుడు మూడు రెట్లు లాగిందనుకున్నా 636. ఇది మోయగలదు. దీనికి 1000 వాట్ల ఇస్త్రీపెట్టె కూడా తగిలిస్తే మోయలేదు. ముందు ఇంజను నడిపి, తరువాత ఒక్కొక్కటిగా వస్తువులు తగిలించాలి. ఆపేటప్పుడు ముందు వస్తువులు తీసేయాలి.

తీగ అవతలి మనిషి

కొందరు జనరేటర్ తీగను ఇంట్లోని ప్లగ్గుకు నేరుగా కలుపుతారు. అప్పుడు కరెంటు వెనక్కి, వీధి తీగల్లోకి పోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వేల వోల్టులకు పెంచుతుంది. మన కోసం వానలో స్తంభమెక్కిన లైన్‌మన్‌ ఆ తీగలో కరెంటు లేదనుకుని ముట్టుకుంటాడు. అందుకే వస్తువులను మందపాటి ఎక్స్‌టెన్షన్ తీగతో జనరేటర్‌కే తగిలించాలి. లేదా ఎలక్ట్రీషియన్ చేత మార్పిడి స్విచ్ పెట్టించాలి.

ఎవరికైనా కళ్లు తిరిగితే అందరూ వెంటనే ఆరుబయటికి రావాలి. అప్పుడు 112కు ఫోన్ చేయాలి. జనరేటర్ ఆపడానికి పొగలోకి వెళ్లకూడదు.

ఆలోచించి చెప్పండి

1. కిటికీలు తెరిచి ఉన్నా వరండాలో జనరేటర్ ఎందుకు నడపకూడదు?
2. మీ ఇంట్లో తప్పనిసరిగా కావలసిన వస్తువుల వాట్లు కూడండి. 1000 వాట్ల జనరేటర్ సరిపోతుందా?
3. మన ఇంటి ప్లగ్గుకూ లైన్‌మన్ ప్రాణానికీ ఉన్న సంబంధం ఏమిటి?