నాయనమ్మ చెప్పిన హిందీ రామాయణం

1987లో మా రాజుపాలెం బడికి వెళ్లిన పిల్లలు ఇప్పుడు నలభై దాటి, తల్లిదండ్రులయ్యారు. వాళ్లకే ఈ నాలుగు మాటలు.

1. ఆ ఏడాది జనవరి 25న దూరదర్శన్‌లో రామానంద సాగర్ ‘రామాయణ్’ మొదలైంది. హిందీలో. పల్నాటి పల్లెలో హిందీ ఎవరికొచ్చు? కథ మాత్రం అందరికీ వచ్చు. ఆదివారం పొద్దున్నే టీవీ ఉన్న ఇంటి పంచలో జనం కిక్కిరిసేవాళ్లు. బడి మొహం చూడని నాయనమ్మలు “ఇదుగో, ఇప్పుడు కైక వరాలడుగుద్ది” అని ముందే చెప్పేవాళ్లు. దశరథుడు కాదనొచ్చు కదా అని మనవడు అడిగితే, మాట ఇవ్వడమంటే ఏమిటో ఆమే విడమరిచేది. భాష రాకపోవడం వల్లే పెద్దల నోట కథ బతికిందని నా నమ్మకం. ఈ వయసులోనూ ఆ పిల్లలు నా దగ్గర తలుచుకునేది నాయనమ్మల మాటలనే.

2. వారానికి ఒక్కసారే చూపించడం మంచి పని చేసింది. 1988 అక్టోబర్ 2న మొదలైన ‘మహాభారత్’ 1990 జూన్ దాకా నడిచింది. నిండు సభలో ద్రౌపదిని అవమానిస్తుంటే భీష్ముడు ఎందుకు అడ్డుకోలేదని పిల్లలు వారమంతా వాదించుకున్నారు. మనవాళ్లకు ఇంకో కథ కూడా తెలుసు, పల్నాటి యుద్ధం. పాచికలాట, అరణ్యవాసం చూడగానే నాగమ్మ కోడిపందెం, బ్రహ్మనాయుడి వలస గుర్తొచ్చేవి. ఆ యుద్ధం జరిగిన కారెంపూడి కురుక్షేత్రం పక్కన నిలబడింది. అంత దూరం ఆలోచించడానికి వారం వ్యవధి కావాలి.

3. 1995 ఆగస్టు 27న తెలుగు ఛానల్ ఈటీవీ వచ్చింది. ‘అన్నదాత’ రైతుకు పనికొచ్చింది. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’లో గాయకుడు ఎస్పీ బాలు పాడేవాళ్ల ఉచ్చారణ దిద్దుతుంటే, ఇంట్లో పిల్లల నాలుకా తిరిగింది. ఇవన్నీ మేలే. కానీ అంతా తెలుగులోనే వినబడేసరికి నాయనమ్మను అడిగేవాళ్లు లేకపోయారు. ఆమె కూడా సీరియల్ ముందు మౌనంగా కూర్చుంది. అది నాకు ఇప్పటికీ బాధే.

4. 2020 మార్చిలో, లాక్‌డౌన్‌లో ‘రామాయణ్’ మళ్లీ వేసినప్పుడు మీలో చాలామంది పిల్లల్ని టీవీ ముందు కూర్చోబెట్టి ఫోన్ పట్టుకున్నారు. అలా కాదమ్మా. పక్కన కూర్చోండి. పిల్లవాడు “ఎందుకు?” అంటే బొమ్మ ఆపండి. మాకు ఆ వీలు లేదు, మీకుంది. జవాబు మీకు తెలియకపోతే ఊళ్లో ఉన్న మీ అమ్మకు ఫోన్ కలిపి వాడి చేతికివ్వండి.