వేలికి తాళం

చి. అమ్మడికి,

హాస్టల్లో చేరేటప్పుడు ఆధార్ జిరాక్సులు రెండు ఇచ్చి వచ్చానని నిన్న ఫోనులో తేలిగ్గా అనేశావు. రాత్రంతా అదే గుర్తొచ్చి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముప్ఫయ్యేళ్లు దస్తావేజులు రాసి బతికినవాణ్ని. సంతకం ఎవడైనా ఫోర్జరీ చేస్తాడు, వేలిముద్రను మాత్రం బ్రహ్మదేవుడు కూడా చేయలేడని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాణ్ని. 2018లో ఆ ధీమా కాస్తా పోయింది. తెలంగాణలో సిమ్ కార్డులు అమ్ముకునే ఒకతను ఇంటర్నెట్‌లో దొరికిన భూమి దస్తావేజులు దింపుకుని, వాటి మీది వేలిముద్రలకు రబ్బరు అచ్చులు తీసి, వేలకొద్దీ సిమ్‌లు యాక్టివేట్ చేశాడు. ఆధార్ నంబర్లకు వెతుక్కోవలసిన పని కూడా లేకపోయింది. ముద్ర ఉన్న దస్తావేజులోనే నంబరూ ఉంది. అలా రాసిపెట్టింది నాబోటి లేఖరులే.

సిమ్‌తో పోతే ఫరవాలేదు. మన ఊళ్లో నానమ్మ బ్యాంకు మిత్ర దగ్గర డబ్బు ఎలా తీసుకుంటుందో చూశావుగా? బ్యాంకు పేరు, ఆధార్ నంబరు చెప్పి మిషను మీద వేలు పెడుతుంది. పిన్ అడగరు, ఓటీపీ రాదు. చదువు రానివాళ్లకు అదెంత సుఖమో, దొంగకూ అంతే సుఖం. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని పొద్దస్తమానం అందరూ చెబుతారు, వేలి సంగతి ఎత్తేవాళ్లు తక్కువ. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటావు. వేలిని ఏం చేస్తావు?

అందుకని ఆధార్ సంస్థ యాప్‌లో బయోమెట్రిక్స్‌కు తాళం వెయ్యి. అవసరం పడ్డప్పుడు కాసేపు తెరుచుకోవచ్చు. నేను వేసిన తాళం నేనే మరిచిపోయి, సిమ్ మార్చుకోవడానికి వెళ్లి, దుకాణంలో అరగంట ఆ కుర్రాడి మీద చిరాకు పడ్డాను. అయినా తాళం తీసేయలేదు.

హాస్టల్‌వాళ్లకు మాస్క్‌డ్ ఆధార్ ఇచ్చి పాత కాపీలు వెనక్కి తెచ్చుకో. అందులో మొదటి ఎనిమిది అంకెలు కనబడవు, చివరి నాలుగే ఉంటాయి. 2022 మేలో ఆధార్ సంస్థ బెంగళూరు కార్యాలయం జిరాక్సులు ఎవరికి పడితే వారికి ఇవ్వొద్దని ప్రకటించింది. జనం కంగారు పడేసరికి రెండు రోజుల్లోనే దాన్ని వెనక్కి తీసుకున్నారు. నన్నడిగితే మొదట చెప్పిందే సరైన మాట.

ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో నీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో కూడా చూసుకో. నా పేరు మీద మూడు కనబడ్డాయి, అందులో ఒకటి నేనెరగనిది. నాది కాదని అక్కడే నొక్కేశాను.

ఎప్పుడైనా ఖాతాలో డబ్బు పోతే తిడతారని దాచిపెట్టకు. ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యి, తర్వాత నాకు. ఎంత తొందరగా చేస్తే ఆ సొమ్మును దారిలో ఆపే వీలు అంత ఎక్కువ.

పండక్కి వచ్చినప్పుడు ఒక రోజు నాకు కేటాయించు. నానమ్మ ఆధార్‌కు ఫోన్ నంబరు లింకు కాలేదు. అది లేనిదే తాళం పడదు. నువ్వూ నేనూ కలిసి ఆవిడను ఆధార్ సెంటరుకు తీసుకెళ్లాలి. నేనొక్కణ్నే రమ్మంటే రానంటోంది.

ఇట్లు,
మీ పెదనాన్న