ఉమ్మడి కార్ఖానా: పనిముట్లు, నియమములు

వడ్రంగి పెట్టెలోని చిత్రికను మన పాలమూరు సీమలో రందా అనుట వాడుక. బరమా, పానా, పేచకస్ మొదలగునవి ఉర్దూ నుండి మన నోటికి వచ్చిన మాటలు. ఉలి, సుత్తి, రంపము, ఆకురాయి, పట్టకారు తెలుగువి. ఒకే గోనెసంచిలో రెండు భాషల పనిముట్లు ఒకదానినొకటి ఒరసికొనుచు నిత్యము పనికి పోవుచున్నవి. నిఘంటువులలో సైతము ఇంతటి సఖ్యత అరుదు. భాషాబోధకులమగు మేము పనిశాలను గూర్చి వ్రాయుటకు ఇంతకు మించిన అధికారము కోరుట లేదు.

మన కళాశాల ఆవరణలో విద్యార్థులందరు వచ్చి, తమకు తోచిన వస్తువును తామే చేసికొనగల ఉమ్మడి కార్ఖానా నొకదానిని తెరువవలెనని కొంతకాలముగా చర్చ జరుగుచున్నది. దీనినే నేడు మేకర్‌స్పేస్ అనుచున్నారు. యంత్రముల ధరలను గూర్చి చర్చ చాల జరిగినది. ఆ యంత్రముల ముందు నిలుచు విద్యార్థుల వ్రేళ్ళను, కన్నులను గూర్చి జరుగవలసినంత జరుగలేదు.

ఈ భావన మరీ పాతది కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఆచార్య నీల్ గెర్షెన్‌ఫెల్డ్ ఈ శతాబ్దారంభమున ‘ఫ్యాబ్ ల్యాబ్’ అను పేర ఇట్టి పనిశాలలకు రూపకల్పన చేసిరి. ఆ సంస్థకు వెలుపల తొలినాళ్ళలో వెలసిన వానిలో ఒకటి మన దేశముననే, పుణె సమీపమందలి పాబల్ గ్రామమున, విజ్ఞాన ఆశ్రమములో ఏర్పడినది. భారత ప్రభుత్వము 2016లో అటల్ ఇన్నోవేషన్ మిషన్‌ను ఆరంభించి, ఆరు మొదలు పండ్రెండవ తరగతి వరకు చదువు బాలబాలికలకై పాఠశాలలలో టింకరింగ్ ల్యాబులను నెలకొల్పినది. హైదరాబాదులో టి-వర్క్స్ 2023 మార్చి 2వ తేదీన ప్రారంభమైనది. తొలిదశలోనే దాని వైశాల్యము 78,000 చదరపు అడుగులు. మనకు రెండు గదులు చాలును. వనపర్తిలో సంస్థానాధీశుల రాజభవనమే పాలిటెక్నిక్ కళాశాలగా మారినదను సంగతి మాత్రము ఆ రెండు గదులకై వెనుకాడువారికి జ్ఞాపకము చేయవచ్చును.

మన పట్టణములకు కార్ఖానా క్రొత్త కాదు. మోటారు మరమ్మతు షెడ్డులలో ఉస్తాదు, షాగిర్దుల పద్ధతి తరతరములుగా నున్నది. షాగిర్దు మొదట నేల ఊడ్చును, పానాలు అందించును, నెలల తరబడి చూచును. ఆ తరువాతనే యంత్రముపై చేయి వేయును. (పసిపిల్లలను పనికి పెట్టుటను మేము మెచ్చుకొనుట లేదు, అది నేరము.) ఆ షెడ్డులో గోడమీద నియమము లుండవు. నియమము ఉస్తాదు గొంతులో నుండును. ‘హోషియార్!’ అని ఆయన ఒక్క కేక వేసినచో చేయి ఆగును. ఆ మాటయే తెలుగులోనికి వచ్చి ‘హుషారు’ అయి ఉల్లాసమను అర్థమును పొందినది. మెలకువ యను తొలి అర్థము తెలంగాణ పలుకుబడిలో ఇంకను కొంత మిగిలియున్నది. గద్వాల గుంట మగ్గమును చూడుడు. నూలు చీరకు పట్టు అంచును కలిపి నేయునపుడు నేతగానికి తోడుగా ప్రక్కన మరొకరు కూర్చుండి నాడెను అందింతురు. ఇద్దరి చేతుల లయ కుదిరిననే అంచు కుదురును. అక్కడ మగ్గము ఆ ఇంటిది. దాని పోకడ ఆ ఇంటివారికి వెన్నతో పెట్టిన విద్య.

ఉమ్మడి కార్ఖానాలో పనిముట్టు అందరిది. నిన్న సాయంకాలము ఎవరు వాడిరో, ఏ మరను వదులుచేసి పోయిరో నేడు వచ్చినవానికి తెలియదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము తిరుగు యంత్రభాగములకు రక్షణ కల్పింపుమని యజమానిని ఆజ్ఞాపించినది. విద్యార్థుల పనిశాలలో ఆ యజమాని ఎవరు? ఈ ప్రశ్నకు సమాధానము వ్రాసికొననిదే తలుపు తెరువరాదని మా అభిప్రాయము.

లేతు యంత్రమును తీసికొందము. అది నిమిషమునకు 1200 చుట్లు, అనగా సెకనుకు 20 చుట్లు తిరుగుచున్నదనుకొనుడు. ప్రమాదమును కన్ను చూచి, మెదడు గ్రహించి, చేయి కదలుటకు సుమారు పావు సెకను పట్టును. ఆ వ్యవధిలో కడ్డీ 5 చుట్లు తిరుగును. కడ్డీ మందము 40 మిల్లీమీటర్లైనచో ఒక్కొక్క చుట్టునకు 12 సెంటీమీటర్ల పైచిలుకు. ఐదు చుట్లకు 60 సెంటీమీటర్లకు మించిన గుడ్డ చుట్టుకొని పోవును. భుజము నుండి వ్రేలాడు చున్నీ కొసకు, మెడకు నడుమ దూరము రమారమి అంతయే. ‘జాగ్రత్తగా నుందును’ అను మాట ఈ లెక్క ముందు నిలువదు. 2011 ఏప్రిల్‌లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయమున, చివరి సంవత్సరపు విద్యార్థిని యొకతె రాత్రివేళ పనిశాలలో లేతుపై ఒంటరిగా పనిచేయుచుండగా జుట్టు యంత్రమున చిక్కి మరణించినది. ఆమె అభ్యసించినది భౌతిక, ఖగోళ శాస్త్రములు. యంత్రమును ఆపుటకు ప్రక్కన మరొకరు లేరు. కావున మొదటి నియమము: ఎంత నేర్చినవారైనను ఒంటరిగా యంత్రమును నడుపరాదు. చేతితొడుగులు రక్షణయని చాలమంది నమ్మకము. తిరుగు యంత్రము దగ్గర అవియే శత్రువులు. చర్మము తెగవలసిన చోట తొడుగు చిక్కి చేతినే లాగికొనిపోవును. చక్ కీని బిగించిన వెంటనే తీసివేయవలెను. దానిని అక్కడనే మరచి మీట నొక్కినచో అది బాణమై ఎగురును.

ఇక్కడ ఒక విషయమును దాచక చెప్పవలెను. చున్నీ, బురఖా ప్రమాదకరములగునెడల ఆడపిల్లలను పనిశాలకు రానీయకుండుటయే క్షేమమని ఒక సమావేశమున కొందరు పెద్దలు సూచించిరి. సదుద్దేశముతోనే చెప్పియుందురు. మేము ఒప్పుకొనజాలము. ప్రమాదము వ్రేలాడు గుడ్డలో నున్నది గాని దానిని ధరించిన వ్యక్తిలో లేదు. బాలుర వదులు కుర్తా చేతులు, మఫ్లరు, మెడలోని తాయెత్తు త్రాడు, గుర్తింపు కార్డు పట్టీ, మణికట్టు కడియము అదే ప్రమాదమును తెచ్చును. వారిని వెలివేయుమని ఎవరును అనలేదు. వ్రేలాడునది ఏదియు తిరుగు యంత్రము దరికి రారాదని నియమము వ్రాసినచో అది అందరికిని సమానముగా వర్తించును. తలకు అంటియుండు నూలు వస్త్రమును కట్టి కొసలు లోనికి దోపుకొనవచ్చును. పైన బిగుతు చేతుల నూలు కోటు తొడుగుకొనవచ్చును. పర్దా పాటించువారికి దీనివలన లోటు రాదు. సింథటిక్ గుడ్డ మాత్రము వెల్డింగు నిప్పురవ్వకు కరిగి ఒంటికి అంటుకొనును గనుక పనికిరాదు. కోట్లను మన విద్యార్థినులే కుట్టగలరు. భద్రత పేర తలుపు మూయుట సులభము, చవుక కూడ. ఆ చవుకదనమే మాకు అనుమానము కలిగించుచున్నది.

నాలుగంగుళముల గ్రైండరుకు రక్షణ తొడుగు ఉండగా చూచుట మన బజారులలో అరుదు. పనికి అడ్డమని ఊడదీసి మూలపెట్టుదురు. 100 మిల్లీమీటర్ల బిళ్ళ నిమిషమునకు 11,000 చుట్లు తిరిగినచో దాని అంచు వేగము గంటకు 200 కిలోమీటర్లు దాటును. బిళ్ళ పగిలినచో ముక్క అదే వేగముతో వచ్చును. రోడ్డుమీద అంత వేగముతో వచ్చు బండికి ఎదురుగా మన మెవరము నిలువము. బిళ్ళపై ముద్రించిన గరిష్ఠ వేగము యంత్ర వేగమునకు తక్కువ కారాదు. కోయు బిళ్ళతో ప్రక్కవాటుగా అరగదీయరాదు. కఱ్ఱ కోయు పండ్ల బిళ్ళను దీనికి బిగించుట మహాపరాధమని మేము భావింతుము.

వెల్డింగు వెలుగును వట్టికంట చూచినవారికి ఆ రాత్రి కన్నులలో ఇసుక పోసినట్లుండును. చేయువానికే గాక చుట్టు నిలిచి వేడుక చూచువారికిని తెర అవసరము. జింకు పూత గొట్టములను మూసిన గదిలో అతికినచో పొగవలన జ్వరము వచ్చును. లేజరు యంత్రములో అక్రిలిక్ కోయవచ్చును గాని పి.వి.సి. కోయరాదు, దానినుండి వెలువడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు ఊపిరితిత్తులను, యంత్రమునుకూడ తినివేయును. విద్యుత్తుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. తప్పనిసరి. ఎండకాలమున ఎర్త్ గుంతలో నీరు పోయుట ఎవరి పనియో పేరు పెట్టి వ్రాయవలెను.

నియమమనగా వలదనుట ఒక్కటే కాదు. ఆలేరు ప్రాంతమున చింతకింది మల్లేశం, ఆసు పోయుటలో తల్లి లక్ష్మి భుజము నొప్పితో బాధపడుట చూచి, ఏండ్ల తరబడి శ్రమించి 1999 నాటికి ఆసు యంత్రమును సాధించిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. దేహమునకు సరిపడునట్లు పనిముట్టునే మార్చిన ఉదాహరణ మిది. మన పనిశాలలో ఒక బల్ల ఎత్తు ఎక్కువై భుజము నొచ్చుచున్నచో, ఆ సంగతి చెప్పువానిని సోమరి యనరాదు. చేయి తెగబోయి తప్పినపుడు కూడ పుస్తకములో వ్రాయవలెను. వ్రాసినవానికి జుర్మానా విధించినచో మరునాటి నుండి ఆ పుస్తకము తెల్లకాగితమై యుండును. యంత్రమును ఆపు అధికారము గదిలో నున్న ప్రతివారికిని, మొదటి సంవత్సరపు విద్యార్థికిని, ఉండవలెను. చూడవచ్చిన అతిథులకు, కమిటీ సభ్యులకు, మాకును కంటి అద్దములు లేనిదే ప్రవేశము లేదు.

కొనవలసిన వస్తువుల పట్టికను మేము సిద్ధపరచి కమిటీకి సమర్పించితిమి. అందులో లేతు ఆరవ పద్దు. మొదటి ఐదు: ఆర్.సి.సి.బి., కంటి అద్దములు ఇరువది, నూలు కోట్లు ఇరువది, ప్రథమచికిత్స పెట్టె, రెండు తాళముల తలుపు. ఒక తాళపుచెవి పర్యవేక్షకుని వద్దను, రెండవది ఆనాటి విద్యార్థి బాధ్యుని వద్దను ఉండును.