తిరుగు పంటు అడిగాకే లైట్‌హౌస్

బంధువులెవరొచ్చినా అంతర్వేది తీసుకెళ్లే పని నాదే. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి కాబట్టి, మా మనవలకు చెప్పేవే మీకూ చెబుతున్నాను.

1. నరసాపురం వైపు నుంచి వస్తే వశిష్ఠ గోదావరి దాటాలి. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కితే అవతల సఖినేటిపల్లి. మనుషులు, బైకులు, కార్లు అన్నీ దాని మీదే. వంతెన మీద వెళ్దామంటే చించినాడ దాకా చుట్టు తిరగాలి. తొందరున్నవాళ్లకు అదే మేలు. ఎందుకంటే పంటు గడియారాన్ని బట్టి కాదు, నీటిని బట్టి నడుస్తుంది. సముద్రం దగ్గర కాబట్టి ఇక్కడ గోదారికీ ఆటుపోట్లుంటాయి. పోటుకీ పోటుకీ నడుమ ఇంచుమించు 12 గంటల 25 నిమిషాలు. అంటే నిన్న నీరు నిండిన వేళకి ఇవాళ నిండదు, 50 నిమిషాలు ఆలస్యం. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎంత పొంగుతుందో, పాటు అంతగా లాగేస్తుంది. ఇసక మేటలు తేలితే పంటు చుట్టు తిరిగి పోవాలి, ఒక్కోసారి నీరొచ్చేదాకా ఆగాలి. నడిపేవాణ్ణి తిట్టి లాభం లేదు. తిథి చూసుకుని బయల్దేరండి.

2. రేవు దిగగానే అడగాల్సింది టీ కొట్టు ఎక్కడని కాదు, చివరి పంటు ఎన్నింటికని. లైట్‌హౌస్‌లోకి సందర్శకుల్ని వదిలేది సాధారణంగా సాయంత్రం కాసేపే. ఆ కాసేపటికీ చివరి పంటుకీ పొత్తు కుదరకపోతే రాత్రి అంతర్వేదిలోనే. గది ముందే చూసుకున్నవాళ్లకు అది అదృష్టమే అనుకోండి.

3. ముందు నరసింహస్వామి దర్శనం, తర్వాత లైట్‌హౌస్. ఎండ తగ్గాక మెట్లెక్కడం తేలిక. లోపల గిర్రున తిరిగే మెట్లు, దిగేవాళ్లకు దారివ్వాల్సిందే. తల తిరిగే గుణం ఉన్నవాళ్లు కిందే కూర్చోండి, అందులో నామోషీ లేదు.

4. పైకెళ్లి ఫోను తీసే ముందు ఒకసారి చుట్టూ చూడండి. ఒక పక్క కొబ్బరితోటలు, ఒక పక్క గోదారి, ఎదురుగా సముద్రం. భూమి గుండ్రన కాబట్టి చూపు ఎంత ఎత్తునుంటే అంత దూరం పారుతుంది. 30 మీటర్ల ఎత్తున నిలబడితే సముద్రం మీద ఇంచుమించు 20 కిలోమీటర్లు కనిపిస్తుంది. దీపాన్ని అంత ఎత్తున పెట్టేది అందుకే. చీకటిపడ్డాక ఆ వెలుగు ఎన్ని సెకన్లకోసారి మెరుస్తుందో పిల్లల చేత లెక్కపెట్టించండి. తీరంలో పక్కపక్కనున్న లైట్‌హౌస్‌లకు ఒకే రకం మెరుపు ఉండదు. ఆ తేడా పట్టుకునే ఓడ నడిపేవాళ్లు ఇది ఏ ఊరి దీపమో పోల్చుకుంటారు. జీపీఎస్ వచ్చాక కూడా ఈ దీపాల్ని ఆర్పలేదంటే కారణం ఉంది. యంత్రం మొరాయించిన రాత్రి కంటికి కనబడేది ఇదే.

5. భీష్మ ఏకాదశి రథోత్సవానికి భక్తితో రండి, విహారానికి మాత్రం రావద్దు. ఆ రోజు పంటు మీద కాలు పెట్టే చోటుండదు.

6. అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, గోదారి సముద్రంలో కలిసేచోట, నీళ్లు పైకి నెమ్మదిగానే కనిపిస్తాయి. అడుగున లాగుడు మీకు తెలియదు. ఒడ్డున నిలబడి చూడండి, స్నానానికి దిగకండి. పడవలో షికారు వెళ్తే, లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎంత చవకైనా ఎక్కకండి.