ముందు సముద్రమా, కొండలా?

ప్రశ్న: ఫిబ్రవరిలో ఒంటరిగా శ్రీలంక వెళ్తున్నాను. విదేశం వెళ్లడం ఇదే మొదలు. దిగగానే రెండు రోజులు బీచ్‌లో ఉంటే టైం వృథానా?
– ఓ పాఠకురాలు, విజయవాడ

జవాబు: కానే కాదమ్మా. ఒంటరి ప్రయాణంలో మొదటి రాత్రికే బెరుకెక్కువ. కొలంబో విమానాశ్రయం ఉన్నది కటునాయకలో. అక్కణ్నుంచి నెగొంబో తీరం సుమారు 10 కిలోమీటర్లే. అర్ధరాత్రి దిగినా తొందరగానే గదికి చేరిపోతారు. కారు మాత్రం హోటల్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

పొద్దున్నే చేపల మార్కెట్ వైపు వెళ్లండి. ఇసుకలో పీచు చాపలు పరిచి, చీల్చిన చేపల్ని వరసగా ఎండబెడుతుంటారు. వాసన ఘాటే, అయినా చూసి తీరాలి. ఆదివారం వద్దు, అక్కడి జాలర్లలో ఎక్కువమంది క్యాథలిక్కులు, ఆ రోజు వేటకు వెళ్లరు.

ఆ నెలలో పడమటి తీరాన వానలు తక్కువ. ఈత కొట్టాలనుంటే దక్షిణాన ఉనవటూన మేలు, అక్కడ పగడపు దిబ్బ అలల జోరు తగ్గిస్తుంది. నిద్ర తీరాక కొండల్లోని క్యాండీకి బయల్దేరండి.