ఏడుస్తూనే నమ్మాం

మంగళగిరిలో పుట్టి, ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మాది తాతల నాటి నుంచి లూథరన్ కుటుంబం. మా ఆయన గుండెపోటుతో పోయారు. 2021 మేలో కరోనా మా పెద్దబ్బాయిని తీసుకుపోయింది. ఇంట్లో చావు చూసిన పిల్లలు వచ్చి, "టీచరు గారూ, ఇంకా ఎలా ప్రార్థన చేసుకోగలుగుతున్నారు?" అని అడుగుతుంటారు. వాళ్ళతో అనే మాటలే ఇవి.

1. ఏడుపు అవిశ్వాసం కాదు.

ఆదరణ కూటాల్లో ఎవరో ఒకరు లేచి, విశ్వాసులు ఏడవకూడదంటారు. కాసేపట్లో లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా ప్రభువు అతని సమాధి దగ్గర కన్నీళ్ళు పెట్టుకున్నాడు. పౌలు థెస్సలొనీకయులకు రాసింది కూడా అసలు దుఃఖపడొద్దని కాదు, నిరీక్షణ లేనివాళ్ళలా దుఃఖపడొద్దని. కాబట్టి ఏడవండి. పిల్లల ముందు కూడా ఏడవండి. వాళ్ళకూ ఏడవొచ్చని తెలుస్తుంది.

2. దేవుణ్ణి అడగండి, నిలదీయండి.

యోబు గ్రంథం 42 అధ్యాయాలూ చదవండి. స్నేహితులు ఏడు రోజులు నోరు మెదపకుండా అతని పక్కన నేలమీద కూర్చున్నారు. వాళ్ళు చేసిన మేలు అంతే, నోరు విప్పాక అంతా పాడు చేశారు. చివరికి దేవుడు కోప్పడింది ఆ స్నేహితుల మీద. అంతసేపు వాదించిన యోబు పక్షానే మాట్లాడాడు. భర్తనూ ఇద్దరు కొడుకులనూ మోయాబులో పాతిపెట్టి బేత్లెహేముకు తిరిగొచ్చిన నయోమి, దేవుడు నాకింత పని చేశాడని ఊరి ఆడవాళ్ళందరి ముందూ అంది. ఎవరూ ఆమెను వెలివేయలేదు. మా అబ్బాయి పోయాక చాలాకాలం నేను 88వ కీర్తన తప్ప ఇంకేమీ చదవలేకపోయాను. అది చీకట్లోనే ముగుస్తుంది. అయినా మన పెద్దలు దాన్ని బైబిల్లోంచి తీసేయలేదు.

3. కారణాలు చెప్పేవాళ్ళకు గుమ్మం దగ్గరే దణ్ణం పెట్టండి.

"ఉపవాస ప్రార్థన గట్టిగా చేసుంటే బతికేవాడు" అని ఒక బోధకుడు మా వరండాలో కూర్చుని మా కోడలితో అన్నాడు. ఆ పిల్ల చాలా రోజులు చర్చికి రాలేదు. చావు ఇంట్లో అలాంటి మాట అనడం పాపమని నేను గట్టిగా నమ్ముతాను.

4. మీరు పాడలేనప్పుడు పక్కవాళ్ళు పాడతారు.

కరోనా నాటి భూస్థాపనలు మీకు గుర్తుండే ఉంటాయి. ప్లాస్టిక్ సంచిలో చుట్టిన మా పెద్దబ్బాయి శరీరం ఆసుపత్రి నుంచి సరాసరి సమాధుల తోటకు వచ్చింది. ముఖం చూపించలేదు. అయ్యగారు దూరంగా నిలబడి మాస్కు తీయకుండానే ప్రార్థన ముగించారు. పాట లేదు. అంతవరకు మా ఇంట్లో ఎవరినీ పాట లేకుండా సాగనంపలేదు.

చర్చిలు మళ్ళీ తెరిచాక వెళ్ళి మా వరసలో నిలబడ్డాను. చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం. ఆరోజు పాడింది పురుషోత్తమ చౌదరి గారి కీర్తన, పుస్తకం చూడకుండానే నాకొచ్చు. అయినా గొంతు పెగల్లేదు. పక్కనున్న స్త్రీల సమాజం పెద్దావిడ తన పుస్తకం మూసేసి, నా పుస్తకం అంచు పట్టుకుని చివరి చరణం దాకా పాడింది. నావైపు చూడలేదు, ఒక్క మాట ఓదార్చలేదు. తర్వాత ఎన్నో ఆదివారాలు అలాగే గడిచాయి. నాలో నమ్మకం మిగిలుందో లేదో నాకే తెలియని రోజులవి. ఆవిడ గొంతులో ఉంది, నాకు అది చాలింది. ప్రార్థన రాకపోయినా ఆదివారం వచ్చి కూర్చోండి అని అందరినీ బతిమాలేది అందుకే. ఫోన్లో వాక్యం వినడం మంచిదే, కానీ పక్కన మనిషి ఉండాలి.

5. ఈ నేలమీద మనకంటే ముందు ఏడ్చినవాళ్ళున్నారు.

1842లో గుంటూరు వచ్చిన మిషనరీ ఫాదర్ హయ్యర్ అప్పటికే భార్యను పోగొట్టుకున్నవాడు. రాబర్ట్ నోబుల్‌తో కలిసి 1841లో మచిలీపట్నం వచ్చిన మరో మిషనరీ హెన్రీ ఫాక్స్‌కు 1845లో పసిబిడ్డ, భార్య ఇద్దరూ పోయారు. స్వదేశం వెళ్ళి, మళ్ళీ మచిలీపట్నమే తిరిగొచ్చాడు. ఆరోగ్యం చెడి 1848లో తనూ పోయాడు. ఈ కథలు సండే స్కూల్లో చెబుతాం, చెప్పాలి కూడా. కానీ మనవాళ్ళ కథలు కూడా ఉన్నాయి. 1977 నవంబరు 19న ఉప్పెన వచ్చి దివిసీమను ముంచింది. వేలమంది కొట్టుకుపోయారు. దొరికిన శవాలను గుట్టలుగా వేసి దహనం చేయాల్సి వచ్చింది. నిలబడి ఏడవడానికి సమాధి కూడా దక్కనివాళ్ళు మళ్ళీ పాకలు వేసుకుని, ఆ పాకల్లోనే ప్రార్థన పెట్టుకున్నారు. మన పిల్లలకు వాళ్ళ సంగతి ఎవరూ చెప్పడం లేదు. నాకది పెద్ద లోటు.

6. ఓదార్పు సంఘం బయట నుంచి కూడా వస్తుంది.

మా ఆయన పెట్టె వీధిలోంచి వెళుతుంటే పక్కింటి పద్మశాలీలు మగ్గం గుంటలోంచి లేచి వచ్చి నిలబడ్డారు. మూడు రోజులు మా పొయ్యి వెలగలేదు. పానకాలస్వామికి మొక్కే ఆ ఇల్లాలే పూటపూటా అన్నం పంపింది. ఆ అన్నం ప్రభువే పంపాడని నమ్మాను, ఇప్పటికీ నమ్ముతున్నాను.

7. ఆదరణ కూటం అయ్యాక వెళ్ళండి.

కూటం రోజు షామియానా నిండా జనం. మర్నాడు కుర్చీలు తీసేస్తారు, ఇల్లు ఖాళీ అవుతుంది. మరణ ధ్రువీకరణ పత్రం కోసం కార్పొరేషన్ ఆఫీసుకు, పెన్షన్ కాగితాల కోసం బ్యాంకుకు తిరగాల్సింది అప్పుడే. మొదటి క్రిస్మస్, మొదటి పెళ్ళిరోజు ఇంకా కష్టం. మీ సంఘంలో ఈ ఏడాది ఎవరింట్లో చావు జరిగిందో మీకు తెలుసు. ఈ వారంలో ఆ ఇంటికి వెళ్ళండి. వాక్యం చెప్పకపోయినా ఫర్వాలేదు, కాసేపు కూర్చోండి. ఆదివారం పొద్దున వాళ్ళను వెంటబెట్టుకుని చర్చికి రండి.