శామీర్‌పేట ఇంటికి ఏ విలువ, ఎప్పుడు?

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో అమ్మానాన్నల ఇల్లు ఉండి, మీరు కొత్తగా డాలస్‌కో న్యూజెర్సీకో వచ్చి ఉంటే, ఆ ఇంటి వాల్యుయేషన్ ఎప్పుడో ఒకప్పుడు అవసరపడుతుంది. బ్యాంకు చూసే విలువ వేరు, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉన్న విలువ వేరు, ఇన్‌కంటాక్స్ వాళ్లు అడిగేది వేరు. ఒకదానికోసం తీయించిన రిపోర్టు ఇంకోదానికి పనికిరాదు.

చదువుకోవడానికి వచ్చేవాళ్లకు ముందుగా చెప్పాలి. విద్యార్థి వీసాకు కావాల్సిన ఐ-20 పత్రం కోసం యూనివర్సిటీలు సాధారణంగా చూసేది ఖాతాలో డబ్బు, ఎఫ్‌డీలు, మంజూరైన లోను. ఇంటి విలువ ఆ లెక్కలోకి రాదు, దానికోసం రిపోర్టుకు ఖర్చు పెట్టకండి. ఇల్లు తాకట్టు పెట్టి ఎడ్యుకేషన్ లోను తీసుకుంటే మాత్రం వాల్యుయేషన్ తప్పదు, కానీ బ్యాంకు తన ప్యానెల్ వాల్యూయర్‌నే పంపుతుంది. ఆయన మార్కెట్ ధర రాసి, దానికింద అమ్మితే నిజంగా చేతికొచ్చే ధర, హడావుడిగా అమ్మాల్సివస్తే వచ్చే ధర కూడా రాస్తాడు. బ్యాంకు జాగ్రత్తపడేది ఈ తక్కువ అంకెలు చూసే. ఇంటి పర్మిషన్ లేకపోయినా, లింకు డాక్యుమెంట్లలో ఒకటి తెగినా, స్థలం చెరువు ఎఫ్‌టీఎల్‌ (పూర్తిగా నిండినప్పటి నీటి హద్దు) లోకి వస్తున్నా గజం రేటు ఎంతున్నా లాభం లేదు.

సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఉండే ప్రభుత్వ విలువను తెలంగాణలో 2021 జులైలోనూ 2022 ఫిబ్రవరిలోనూ పెంచారు. అయినా ఈ శివార్లలో బయటి ధర దానికంటే చాలా ఎక్కువే. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు వాటాలు పంచుకునేటప్పుడు ఆ అంకె పట్టుకుంటే ఎవరో ఒకరికి అన్యాయం జరుగుతుంది. బ్రోకర్ చెప్పే రేటు కూడా పట్టుకోవద్దు. జేబీఎస్ నుంచి శామీర్‌పేటకు, ప్యారడైజ్ నుంచి మేడ్చల్‌కు మెట్రో వేస్తామని 2025 జనవరిలో ప్రకటన వచ్చింది, బ్రోకర్ రేటులో అమ్మేవాళ్ల ఆ ఆశ కూడా కలిసి ఉంటుంది. మంచి వాల్యూయర్ చుట్టుపక్కల రిజిస్టరైన అమ్మకాలు చూసి లెక్కగడతాడు.

అసలు చిక్కు ఇల్లు వారసత్వంగా వచ్చినప్పుడు మొదలవుతుంది. భారత పన్ను చట్టం అమ్మానాన్నలు కొన్న ధరనే మీ ధరగా తీసుకుంటుంది. వాళ్లు 2001 ఏప్రిల్ 1కి ముందే కొని ఉంటే, ఆ రోజు విలువను ఎంచుకోవచ్చు. అయితే ఆనాటి ప్రభుత్వ విలువను అది దాటకూడదు. 2024 జులై 23 నుంచి ఎన్నారైలకు ఇండెక్సేషన్ పోయి లాభంపై 12.5 శాతం పన్ను వచ్చింది కాబట్టి, ఈ 2001 విలువే మీకు మిగిలిన పెద్ద ఊరట. రిజిస్టర్డ్ వాల్యూయర్ రిపోర్టుతో పాటు ఆనాటి ప్రభుత్వ విలువ కాగితమూ తీసుకోండి. మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా 2016 అక్టోబర్‌లో ఏర్పడింది. 2001లో ఇదంతా రంగారెడ్డి జిల్లా, కాబట్టి పాత ఊరి పేరు, సర్వే నంబరుతో వెతికించాలి.

అమెరికా లెక్క ఇంకోలా ఉంటుంది. మీరు అక్కడ పన్ను కట్టే నివాసి అయితే, సాధారణంగా వారసత్వపు ఇంటికి తల్లిదండ్రులు పోయిన రోజు విలువే మీ ధర. అంటే 2001 ఏప్రిల్ 1కి ముందు కొన్న ఇల్లయితే, ఒకే ఇంటికి రెండు తేదీల మీద రెండు రిపోర్టులు కావాలి. కర్మకాండలకు వెళ్లినప్పుడు ఈ మాట ఎత్తడం ఎవరికైనా కష్టమే. అయినా తిరిగి విమానం ఎక్కేలోపు వాల్యూయర్‌ను పిలిపించి, ఇంటి ఫొటోలు తీయించి, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకోండి. పదేళ్ల తర్వాత పాత తేదీకి విలువ కట్టించవచ్చు గానీ, అప్పటికి ఇల్లు కూలిపోయి ఉండొచ్చు, ఆధారాలు దొరకడం గగనమవుతుంది.

అమెరికాలో ఇల్లు కొనేటప్పుడు అప్రైజర్‌ను లోనిచ్చే సంస్థే పంపుతుంది, ఖర్చు సాధారణంగా మీది. ఒప్పుకున్న ధరకంటే అప్రైజల్ తక్కువొస్తే తేడా మీ జేబులోంచి పెట్టాలి, లేదా మళ్లీ బేరమాడాలి. టెక్సాస్‌లో కౌంటీ ఏటా పంపే విలువ నోటీసు ఇంటిపన్ను కోసం. ఎక్కువేశారనిపిస్తే సాధారణంగా మే 15లోపు అభ్యంతరం చెప్పండి.

శామీర్‌పేట ఇల్లు అమ్మాలనుకుంటే ఒక్కటి ముందే చేయాలి. ఎన్నారై అమ్మితే కొనేవాళ్లు టీడీఎస్‌ను లాభం మీద కాకుండా మొత్తం ధర మీద పట్టుకుంటారు. తక్కువ పట్టుకునేలా ఇన్‌కంటాక్స్ శాఖ సర్టిఫికెట్ ఇస్తుంది, 2001 విలువ వాడుకునేవాళ్లు దరఖాస్తులో ఆ రిపోర్టు చూపించాలి. కొనేవాళ్లు అడ్వాన్సు ఇచ్చాక మొదలుపెడితే రిజిస్ట్రేషన్ తేదీకి సర్టిఫికెట్ రాకపోవచ్చు. ఇల్లు బేరానికి పెట్టేముందే వాల్యూయర్‌ను పిలవండి.